మోకాలిచిప్ప, మోచేయి విరిగినప్పుడు: కట్టు చాలునా?

ఎముక విరిగిందనగానే మన పల్లెల్లో మొదట గుర్తుకు వచ్చేది పసరు కట్టు. కామారెడ్డి దగ్గరి రాజంపేట మొదలుకొని అటు ఎల్లారెడ్డి వరకు ఏ ఊళ్లో అడిగినా, కట్టు కట్టే చేతివాటం గలవారి పేరు ఒకటి చెబుతారు. వెదురు బద్దలు, గుడ్డ పట్టీలు, ఆకు పసరు - ఇవే వారి సాధనాలు. ముంజేయి లేదా పిక్క ఎముక పగిలి, ముక్కలు స్థానం తప్పకుండా ఉన్నప్పుడు ఇలాంటి కట్టుతో అతుక్కున్న మాట కూడా నిజమే. ఎముకకు తనను తాను అతికించుకునే శక్తిని సృష్టికర్తే ప్రసాదించాడు. కదలకుండా పట్టి ఉంచితే చాలు, మిగిలిన పని అదే చేసుకుంటుంది.

అయితే శరీరంలో రెండు చోట్ల ఈ లెక్క తప్పుతుంది. ఒకటి మోకాలిచిప్ప, రెండవది మోచేతి కొన. ఇవి విరిగినప్పుడు పైన ఎంత చక్కగా కట్టు కట్టినా చాలాసార్లు ముక్కలు ఒకదాన్నొకటి తాకనే తాకవు. ఎందుకో తెలుసుకుంటే శస్త్రచికిత్స ఎవరికి అవసరమో కూడా తెలుస్తుంది.

బావి గిలకను ఊహించుకోండి. తాడు గిలక మీదుగా పోయి బరువును లాగుతుంది. మోకాలిచిప్ప చేసే పని ఇంచుమించు ఇదే. తొడ ముందరి బలమైన కండరం కిందికి వచ్చి చిప్పను పట్టుకొని ఉంటుంది. చిప్ప నుండి మరొక గట్టి పట్టీ దిగి కాలి ఎముకకు అంటుకుంటుంది. వంగిన కాలును చాపేది ఈ లంకెయే. మోచేతిలో కూడా అంతే. చేయి వెనుక కండరం మోచేతి కొనను పట్టి లాగినప్పుడు చేయి చాచుకుంటుంది. మోకాలి మీద పడినప్పుడో, స్కూటరు మీది నుండి మోచేతి మీద జారిపడినప్పుడో ఈ ఎముక అడ్డంగా విరిగితే, తాడు తెగినట్లే. పై ముక్కను కండరం పైకి లాక్కుపోతుంది. మధ్యలో ఏర్పడిన సందులో రక్తం గడ్డకడుతుంది. పైనుండి చుట్టిన పట్టీ కండరం లాగుడును ఆపలేదు.

రెండవ కారణం కూడా ఉంది. ఈ ఎముకల లోపలి తలం కీలులో భాగం. దాని మీద నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. విరిగిన ముక్కలు రెండు మిల్లీమీటర్ల మేర ఎగుడుదిగుడుగా అతుక్కున్నా, గరుకైన తిరగలి రాయిలా ఆ కీలు ఏళ్ల తరబడి ఒరుసుకొని అరిగిపోతుంది. ఎముక అతికిందని సంతోషిస్తాము గాని, నడక మిగలదు.

కట్టు విద్యను శాస్త్రంగా మలచినవారిలో మన పూర్వీకులు అగ్రగణ్యులు. ఖుర్తుబాకు చెందిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో ముప్పై భాగాల 'అత్తస్రీఫ్' గ్రంథాన్ని పూర్తి చేశారు. అందులో చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. విరిగిన, తొలగిన ఎముకలకు అందులో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. పన్నెండవ శతాబ్దంలో లాటిన్ భాషలోకి అనువదింపబడి అది ఐరోపాలో శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథంగా నిలిచింది. ఇబ్నె సీనా 'అల్ ఖానూన్' నాల్గవ సంపుటంలోనూ ఎముకలు విరగడం గురించిన చర్చ ఉంది. అయితే ఒక సంగతి మరువరాదు. వారి కాలంలో మత్తు ఇచ్చే ఈథర్ లేదు, అది 1846లో వచ్చింది. చీము పట్టకుండా ఆపే పద్ధతి లేదు, అది 1867లో వచ్చింది. ఎముకను బయటినుండి చూపే ఎక్స్‌రే లేదు, అది 1895లో వచ్చింది. ఉన్న సాధనాలతో చేయగలిగినంత వారు చేశారు. తెలిసినదాని దగ్గరే ఆగిపోక పరిశీలించి ముందుకు సాగడం వారి మార్గం. వారి పేరు చెప్పుకొని వెయ్యేళ్ల నాటి కట్టు దగ్గరే ఆగిపోవడం వారిని అనుసరించడం కాదు.

1877లో లండన్‌లో జోసెఫ్ లిస్టర్ క్రిమినాశక పద్ధతిలో మోకాలిచిప్పను తెరచి వెండి తీగతో కుట్టారు. ఆనాటికి కీలును తెరవడమంటే ప్రాణాపాయమే. ఇరవయ్యవ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు పౌవెల్స్ ఒక యుక్తిని వివరించారు. 1958లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన 'ఏఓ' అనే శస్త్రవైద్యుల బృందం దాన్ని లోకమంతటా వ్యాపింపజేసింది. ఆ యుక్తి ఇది: ముక్కలను సరిగ్గా కలిపి, రెండు సన్నని ఉక్కు చువ్వలు నిలువుగా దూర్చి, వాటి చుట్టూ ఉక్కు తీగను ఎనిమిది అంకె ఆకారంలో బిగిస్తారు. తీగ మోకాలికి ముందువైపున, మోచేతికి వెనుకవైపున ఉంటుంది. ఇప్పుడు కీలు వంగినప్పుడల్లా కండరం లాగే బలమే లోపలివైపు ముక్కలను ఒకదానికొకటి అదుముతుంది. విడదీసే శక్తినే అతికించే శక్తిగా మార్చడమన్న మాట. ఎముక ఎక్కువ ముక్కలైతే మోచేతికి పలక, స్క్రూలు వాడతారు. మోకాలిలో అతకని చిన్న ముక్కలను తీసివేసి, పట్టీని మిగిలిన చిప్పకు కుడతారు. చిప్పను పూర్తిగా తొలగించడం మరే దారీ లేనప్పుడే.

అందరికీ ఆపరేషను అవసరమని దీని అర్థం కాదు. ఎక్స్‌రేలో పగులు మాత్రమే ఉండి, ముక్కలు ఎడం కాకుండా, రోగి చాపిన కాలును తనంతట తాను పైకి లేపగలిగితే నాలుగు నుండి ఆరు వారాల పిండికట్టు సరిపోతుంది. ముక్కల మధ్య మూడు మిల్లీమీటర్లకు మించి ఎడం ఉంటే, లేదా కాలు లేపలేకపోతే శస్త్రచికిత్స అవసరమవుతుంది. బాగా వృద్ధులై, చేతితో బరువు పని లేనివారికి మోచేయి ఎడమైనా ఆపరేషను లేకుండా సరిపెట్టే సందర్భాలున్నాయి. నిర్ణయం వైద్యునిది, కాని ఎక్స్‌రే తీయించకుండా ఎవరూ నిర్ణయించలేరు.

దెబ్బ తగిలిన వెంటనే చేయవలసినది స్వల్పమే. ఉన్న స్థితిలోనే అట్టముక్కనో, కర్రనో ఆసరాగా కట్టి కదలకుండా ఉంచాలి. గుడ్డ చుట్టిన మంచు పెట్టవచ్చు. చర్మం చీలి ఎముక కనిపిస్తే శుభ్రమైన గుడ్డ కప్పి అదే పూట ఆస్పత్రికి చేర్చాలి. మాలిష్ చేయరాదు. మోచేతిని నలిపితే కండరంలోనే ఎముక పేరుకొని కీలు బిగిసిపోయే ప్రమాదముంది. బిగుతు కట్టు ఇంకా ప్రమాదకరం. ముఖ్యంగా పిల్లలకు మోచేతి పైభాగం విరిగినప్పుడు వాపు మీద గట్టిగా కడితే రక్తం ఆగి చేయి శాశ్వతంగా వంకరపోవచ్చు. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే భరించరాని నొప్పి వచ్చినా ఆ కట్టును తక్షణం విప్పాలి. సిగ్గుపడవలసిన పని లేదు.

ఆపరేషనుతో పని ముగియదు. తొడ కండరాన్ని బిగించి వదలడం, వైద్యుడు చెప్పిన మేరకు కీలు వంచడం త్వరగా మొదలుపెట్టకపోతే ఎముక అతికినా కీలు బిగుసుకుంటుంది. తీగ చర్మం కింద గుచ్చుకోవడం, చీము పట్టడం వంటి చిక్కులు కొందరికి వస్తాయి. ఎముక అతికిన తరువాత తీగను తీసివేయవచ్చు.

ఈ రెండు కీళ్లకూ మన ఆరాధనతో సంబంధముంది. వుజూలో చేతులను మోచేతుల వరకు కడగాలి, సజ్దాలో రెండు మోకాళ్లు నేలను తాకాలి. అందుకే కొందరు నమాజు కోసం తొందరపడి మోకాలు వంచుతారు. షరీఅతు అంతటి కష్టం పెట్టలేదు. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజు చేయవచ్చునని హదీసు ద్వారా తెలుస్తున్నది. కట్టు మీద మసహ్ చేయడానికి నాలుగు మజ్‌హబ్‌ల విద్వాంసులు అనుమతించారు. దాని వివరాలు ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

ఖర్చుకు భయపడి కట్టు దగ్గర ఆగిపోయేవారున్నారు. కామారెడ్డిలో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. హైదరాబాదులో నిజాం ఛారిటబుల్ ట్రస్టు 1960 దశకంలో ఎముకల చికిత్స కోసమే నెలకొల్పిన ఆస్పత్రి నేడు నిమ్స్‌గా పేరు పొందింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఈ గాయానికి వర్తిస్తుందా అన్నది ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. మొదటి వారం, పది రోజులు విలువైనవి. నెలలు గడిస్తే కండరం కుంచించుకుపోయి, అదే ఆపరేషను రెట్టింపు కష్టమవుతుంది.

తలకు గాయమైన ఒక వ్యక్తికి తోటివారు తెలియకుండానే స్నానం తప్పదని చెప్పగా అతను మరణించిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. మహాప్రవక్త (స) ఆ మాట చెప్పినవారిని తీవ్రంగా మందలించి, తెలియనితనానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు. విరిగిన మోకాలి ముందు, మోచేతి ముందు మనం పాటించవలసిన నియమం కూడా అదే: ముందు ఎక్స్‌రే, తరువాత తెలిసినవారి సలహా, ఆ తరువాతనే కట్టు.