ధాన్యమును తినెడి పెంకుపురుగులు: ఆముదము, వేప మొదలగువాని వినియోగము
(పురపాలక, తాలూకా అధికారుల యెఱుకకై)

1. సూరతు నగరము తపతీ నదీతీరమున, సముద్రమునకు చేరువగా నున్నది. వర్షకాలమున గాలిలో చెమ్మ హెచ్చు. 2006వ సంవత్సరము ఆగస్టు నెల వరదలో నగరమున చాల భాగము నీట మునిగెను. చెమ్మ తగిలిన గింజలో పురుగు త్వరగా పెరుగును. లింబాయతు మొదలగు పేటలలో మరమగ్గముల పనికై తెలంగాణమునుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబము లనేకములు గలవు. ఇరుకు ఇండ్లలో నిదురించు చోటనే బియ్యము, పప్పు నిలువయుండును. కావున పురుగునకై యుంచిన మందు మనుష్యులకు కీడు చేయకుండ చూచుట మొదటి కర్తవ్యము.

2. పురుగులన్నియు నొకతీరువి కావు. పప్పుపురుగు కంది, పెసర, శనగ గింజల పైతోలుమీద గ్రుడ్డు నంటించును. పిల్ల లోపలికి తొలిచికొని పోయి, సుమారొక మాసమునకు పెంకుపురుగై, గుండ్రని రంధ్రము చేసికొని వెలికి వచ్చును. బియ్యపు ముక్కుపురుగు గింజను తొలిచి అందులోనే గ్రుడ్డు పెట్టి పైన మూసివేయును. ఎఱ్ఱ పెంకుపురుగు పిండిలోను, నూకలోను పెరిగి దుర్వాసన కలిగించును. ఈ భేదము నెఱిగిననే తగిన యుపాయము తోచును.

3. ఆముదము: గోధుమలకును కందిపప్పునకును ఆముదము పట్టించి నిలువచేయుట గుజరాతు గృహిణుల చిరకాలాచారము. నూనెపొర గ్రుడ్డునకు గాలి సోకనీయదు గనుక గ్రుడ్డు చెడును. పప్పుధాన్యములకు కిలో యొకటికి 5 మిల్లీలీటర్ల శుద్ధమైన ఆముదము చాలును. గింజలను ఎండబెట్టి, చల్లారిన పిదప, అరచేతులతో నూనెను సమముగా పట్టించి, బిగువైన మూతగల డబ్బాలో నుంచవలెను. వండుటకు ముందు వేడినీట కడుగవలెను. గింజలోపల నున్న పురుగును నూనె బాగుగా చంపజాలదు. కావున ముక్కుపురుగునకు దీని ఫలము తక్కువ. పప్పునకైనను పురుగు పట్టకముందే చేయవలయును.

4. వేప: వేపగింజలోని అజాడిరాక్టిన్ అను పదార్థము 1968లో వేఱుచేయబడెను. ఇది పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పించి, పిల్లపురుగు కుబుసము విడువకుండ చేయును. ఎండకు దీని సత్తువ నశించును గనుక ఆకును నీడనే ఆరబెట్టవలెను. 50 గ్రాముల వేపపప్పు పొడిని లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి, ఖాళీ గోనెసంచులపైనను గోడల పగుళ్లలోను చల్లవలెను. సంచులు బాగుగా ఆరిన పిదపనే గింజలు పోయవలెను. తినెడి గింజలపై ఈ రసమును చల్లరాదు.

5. చెట్టునుండి పుట్టినదెల్ల నిరపాయకరమని తలపరాదు. వసకొమ్ము పొడి పురుగులను బాగుగా అణచును. కాని యందలి బీటా అసరోన్ ఎలుకలకు క్యాన్సరు కలిగించినట్లు పరీక్షలలో తేలినది. సీతాఫలపు గింజలపొడి కంట పడిన తీవ్రబాధ కలుగును. ఆముదపు గింజలోని రిసిన్ అను ఘోరవిషము నూనెలోనికి రాక పిండికట్టులో నిలుచును. కావున గింజలపొడిని గాని పిండికట్టును గాని ధాన్యము దరి చేర్చరాదు. వేపనూనె కడుపులోనికి పోయిన శిశువులకు ప్రాణాపాయము కలుగవచ్చును.

6. వీటన్నిటికంటె భయంకరమైనవి అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్లలు. 3 గ్రాముల బిళ్ల చెమ్మ తగిలి 1 గ్రాము ఫాస్ఫీను వాయువును విడుచును. దీనికి విరుగుడు మందు లేదు. గిడ్డంగులలో శిక్షణ పొందినవారు మాత్రమే వాడదగిన యీ బిళ్లలను సామాన్యజనులకు అమ్మరాదని నిబంధన కలదు. బియ్యపు డబ్బాలో నొక బిళ్ల వేసి ప్రక్కనే పిల్లలను పరుండబెట్టిన యింట, తెల్లవారునప్పటికి ప్రాణనష్టము కలుగవచ్చును.

7. కావున అధికారులు ఈ క్రింది పనులు గావింపవలెను:
(అ) దుకాణములలో ఈ బిళ్లల విక్రయమును తనిఖీచేసి ఆపించుట.
(ఆ) ఆముదము, వేప వాడు విధమును తెలుగు, గుజరాతీ భాషలలో ప్రకటించుట. నగరపాలక సంస్థవారి తెలుగు పాఠశాలల మూలమున ఇది యింటింటికి చేరును.
(ఇ) వరద తగిలిన పేటలలో తడిసి బూజుపట్టిన ధాన్యమును తినక పాఱవేయునట్లు బోధించుట.

పురుగుపట్టిన గింజ పోయిన మరల కొనవచ్చును. పోయిన ప్రాణము మరల రాదు. ప్రజలకు ముందుగా బోధింపదగినది ఇదియే.