నెమ్మది ఎస్‌క్యూలైట్‌ది కాదు

2008లో ఫైర్‌ఫాక్స్ 3 విడుదలకు ముందు, దాన్ని లినక్సు మీద వాడి చూస్తున్నవాళ్లకు ఒక వింత ఎదురైంది. వెనకాల ఏదైనా పెద్ద ఫైలు కాపీ అవుతుండగా బ్రౌజరులో ఒక లింకు నొక్కితే చాలు, బ్రౌజరు మొత్తం బిగుసుకుపోయేది. ప్రాసెసరు ఖాళీగానే ఉంది. మెమరీకి కొరత లేదు. ఇంటర్నెట్టూ బాగానే వస్తోంది. అయినా సెకన్ల తరబడి ఉలుకూ పలుకూ లేదు.

చూసిన పేజీల చిట్టానూ బుక్‌మార్కులనూ ఫైర్‌ఫాక్స్ ఆ వెర్షను నుంచే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో దాచడం మొదలుపెట్టింది. పేజీ తెరిచిన ప్రతిసారీ అందులో కొత్త వరుస చేరేది. చేరిన ప్రతిసారీ, ఇది నిజంగా డిస్కు మీదికి ఎక్కిందని తేలేదాకా కదిలేది లేదని ఎస్‌క్యూలైట్ ఆపరేటింగ్ సిస్టమును పట్టుకు కూర్చునేది. ఈ నిలదీతకు ఎఫ్‌సింక్ అని పేరు. అప్పట్లో లినక్సులో ఎక్కువగా వాడిన ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టముకు ఒక అలవాటుండేది. ఒక్క ఫైలు గురించి ఎఫ్‌సింక్ అడిగినా, మిగతా ఫైళ్లలో పెండింగు పడ్డ రాతలన్నీ ముగించిగానీ జవాబు చెప్పేది కాదు. వెనకాల కాపీ అవుతున్న గిగాబైట్లన్నీ ఆ పెండింగులోవే. ఒక్క వెబ్ చిరునామా రాసుకోవడానికి బ్రౌజరు అంతసేపూ కాచుకుని ఉండాల్సి వచ్చింది.

ఇక్కడ ఎస్‌క్యూలైట్ చెప్పిన పని చెప్పినట్టే చేసింది. ప్రతి క్లిక్కుకూ అంత గట్టి హామీ ఎవరడిగారన్నదే అసలు ప్రశ్న. ఈ డేటాబేసు నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుల్లో చాలావాటిని విప్పి చూస్తే లోపల ఇలాంటి కథే ఉంటుంది.

అసలు ఎస్‌క్యూలైట్ పుట్టిందే ఒక ఫిర్యాదులోంచి. 2000లో రిచర్డ్ హిప్ అనే అమెరికా ప్రోగ్రామరు అక్కడి నౌకాదళానికి చెందిన ఆస్కార్ ఆస్టిన్ అనే యుద్ధనౌక కోసం ఒక సాఫ్ట్‌వేరు మీద పనిచేస్తున్నాడు. అది సమాచారమంతా ఇన్ఫార్మిక్స్ అనే పెద్ద డేటాబేసు సర్వరు నుంచి తెచ్చుకునేది. సర్వరు పడిపోతే తెర మీద "డేటాబేసు దొరకడం లేదు" అన్న సందేశం కనిపించేది. తిట్లు మాత్రం సందేశం చూపించిన ప్రోగ్రాముకు పడేవి. మధ్యలో సర్వరు దేనికి, నేరుగా డిస్కులోని ఫైలునే చదువుకుంటే పోదా అనుకున్నాడు హిప్. ఆ ఏడాది ఆగస్టులో మొదటి వెర్షను బయటికొచ్చింది. ఆ తర్వాత కాపీరైటు కూడా వదులుకుని దాన్ని పబ్లిక్ డొమైన్‌లోకి వదిలేశాడు. ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులో, ప్రతి ఐఫోనులో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో అది ఉంది. మీ వాట్సాప్ సందేశాలు ఫోనులో దాగేది కూడా ఎస్‌క్యూలైట్ ఫైలులోనే.

సర్వరు లేదు కాబట్టి సర్వరు తాలూకు రోగాలూ లేవు. కనెక్షను తెగడం, పాస్‌వర్డు మరచిపోవడం, పోర్టు మూసుకుపోవడం వంటి బెడద ఉండదు. డేటాబేసంతా ఒకే ఫైలు, దాన్ని చదివి రాసే కోడు మీ ప్రోగ్రాములోనే కలిసిపోయి ఉంటుంది. కాబట్టి నెమ్మదించిందంటే వెతకాల్సిన చోట్లు తక్కువే. డిస్కు కోసం ఆగుతోందా, ఇంకొకరు వేసిన తాళం కోసం ఆగుతోందా, అడిగిన వరుస కోసం టేబులంతా తిరుగుతోందా? ముందు ఇది తేల్చుకోకుండా సెట్టింగులు మార్చడం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

అన్నిటికన్నా తరచుగా వచ్చేది డిస్కు సంగతి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక లావాదేవీని భద్రంగా ముగించడానికి, అంటే కమిట్ చేయడానికి, పళ్లెం మామూలుగా రెండు చుట్లు తిరగాలి. అంటే సెకనుకు సుమారు 60 కమిట్లు. అదే కంప్యూటరు మీద ఎస్‌క్యూలైట్ సెకనుకు 50,000 వరుసలు చేర్చగలదు. రెండు అంకెలూ నిజమే. మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే ఎస్‌క్యూలైట్ ప్రతి ఇన్సర్టునూ ఒక విడి లావాదేవీగా లెక్కిస్తుంది. అప్పుడు మీకు దక్కేది 60 మాత్రమే.

పెళ్లిలో చదివింపులు రాసే మనిషి ప్రతి నూటపదహార్లకూ పుస్తకం మూసి, బీరువాలో పెట్టి, తాళం వేసి, మళ్లీ తాళం తీసి పుస్తకం తెచ్చుకుంటే ఎలా ఉంటుంది? రాయడానికి పట్టే కాలం ఎంతో కాదు, తాళాలకే ముహూర్తం దాటిపోతుంది. 10,000 వరుసలను విడివిడిగా చేరిస్తే పై లెక్కన రెండు నిమిషాల 40 సెకన్లు దాటుతుంది. ముందు బిగిన్, చివర కమిట్ పెట్టి అవే వరుసల్ని ఒకే లావాదేవీగా పంపితే సెకను కూడా పట్టదు. కోడులో చేరేది రెండు వాక్యాలు. ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం ఇచ్చే చిట్కా డేటాబేసుల్లో మరొకటి నాకు తెలియదు. ఫోనులో తిరిగే పళ్లెం లేదు నిజమే, కానీ ఫ్లాష్ మెమరీలో కూడా ఎఫ్‌సింక్ ఊరికే రాదు.

ఈ ఖర్చును మరోవైపు నుంచి తగ్గించే మార్గం 2010లో 3.7.0 వెర్షనుతో వచ్చింది. పాత పద్ధతిలో, ఫైలులో మార్చబోయే పేజీల (అంటే ముక్కల) పాత ప్రతిని ముందు ఒక జర్నల్ ఫైలులోకి ఎక్కించి, తర్వాత అసలు ఫైలును దిద్ది, ఆఖరున జర్నల్‌ను చెరిపేస్తారు. మధ్యలో కరెంటు పోతే జర్నల్ చూసి వెనక్కి మళ్లుతారు. కొత్త పద్ధతి పేరు వాల్. ఇందులో అసలు ఫైలును వెంటనే ముట్టుకోరు. కొత్త పేజీలను పక్కనున్న వాల్ ఫైలు చివర చేర్చుకుంటూ పోతారు. అది సుమారు 1,000 పేజీలకు చేరినప్పుడు వాటిని అసలు ఫైలులో కలుపుతారు. దీంతో పాటు సింక్రనస్ అనే సెట్టింగును నార్మల్‌కు మారిస్తే ప్రతి కమిట్‌కూ ఎఫ్‌సింక్ అక్కర్లేదు. కరెంటు పోతే చివరి కొన్ని లావాదేవీలు పోవచ్చు, డేటాబేసు మాత్రం చెడదు. సింక్రనస్‌ను పూర్తిగా ఆఫ్ చేయమనే సలహా కూడా అక్కడక్కడా వినిపిస్తుంది. వేగం నిజంగానే పెరుగుతుంది. కానీ రాస్తుండగా కరెంటు పోయిందంటే ఫైలే పాడైపోవచ్చు. మళ్లీ తయారు చేసుకోగల తాత్కాలిక డేటాకు తప్ప ఆ సలహా పనికిరాదు.

ఇక తాళాలు. "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అన్న సందేశం చూడని ఎస్‌క్యూలైట్ ప్రోగ్రామరు ఉండడు. ఎంతమందైనా ఒకేసారి చదవవచ్చు గానీ, రాసేది ఎప్పుడైనా ఒక్కరే. వాల్ పద్ధతిలో చదివేవాళ్లు రాసేవాళ్లకు అడ్డు రారు. అయినా రాసేవాళ్లిద్దరు ఒకేసారి తలపడితే ఒకరు ఆగాల్సిందే. చిక్కేమిటంటే, మీరు చెప్పకపోతే ఎస్‌క్యూలైట్ ఆగదు. తాళం కనిపించగానే తప్పు చూపించి తిరిగొచ్చేస్తుంది. బిజీ టైమౌట్ అనే సెట్టింగు సున్నాతో మొదలవడమే ఇందుకు కారణం. దాన్ని 5,000 మిల్లీసెకన్లకు పెడితే సగం గొడవలు సద్దుమణుగుతాయి.

అది పెట్టినా తప్పు వస్తోందని అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోడులో సాధారణంగా కనిపించే వరుస ఇది: లావాదేవీ మొదలైంది, ముందు ఒక సెలెక్టు, దాని ఫలితం చూసి తర్వాత ఒక అప్‌డేటు. మామూలు బిగిన్ ఏ తాళమూ తీసుకోదు. సెలెక్టు దగ్గర చదివే హక్కు వస్తుంది, అప్‌డేటు దగ్గర రాసే హక్కు అడుగుతుంది. ఈలోగా వేరొకరు రాసేసి ఉంటే మీరు చదివింది పాతబడినట్టే. ఎంతసేపు ఆగినా అది కొత్తది కాదు. అందుకే వాల్ పద్ధతిలో టైమౌటుతో నిమిత్తం లేకుండా వెంటనే తప్పు వస్తుంది. రాయబోతున్నామని ముందే తెలిస్తే బిగిన్ ఇమీడియట్ అని మొదలుపెట్టాలి. అప్పుడు కాచుకోవడమేదో మొదట్లోనే అయిపోతుంది. లావాదేవీ తెరిచి ఉంచి మధ్యలో ఇంటర్నెట్టుకు వెళ్లి ఏదో తెచ్చుకునే కోడును మాత్రం ఏ సెట్టింగూ బాగుచేయలేదు. చదవడం ముగిశాక మూయకుండా వదిలేసిన సెలెక్టు కూడా ఇలాంటిదే. అది ఉన్నంతసేపూ వాల్ ఫైలును మొదటికి తిప్పడానికి వీలుండదు, ఫైలు ఉబ్బుతూనే ఉంటుంది.

రాయడం బాగానే ఉండి చదవడం నెమ్మదించిందంటే, సంగతేమిటని ఎస్‌క్యూలైట్‌నే అడగవచ్చు. ప్రశ్నకు ముందు ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ అని చేరిస్తే, తాను ఏ దారిన వెతకబోతోందో చెబుతుంది. జవాబులో స్కాన్ అని వస్తే టేబులు మొదటి నుంచి చివరిదాకా తిరుగుతోందని అర్థం. సెర్చ్ అని వస్తే సూటిగా వెళుతోంది. ఒక మందుల దుకాణం బిల్లుల టేబులులో కోటి వరుసలున్నాయనుకుందాం. ఫోను నంబరు మీద ఇండెక్సు లేకపోతే ఒక్క నంబరు కోసం కోటి వరుసలూ చదవాలి. ఉంటే కొద్ది పేజీలు తిరగేస్తే చాలు.

ఇండెక్సు ఉన్నా స్కాన్ అనే చూపిస్తే ప్రశ్న రాసిన తీరు చూడాలి. మే నెల బిల్లుల కోసం తేదీలోంచి మొదటి ఏడు అక్షరాలు కత్తిరించి పోల్చితే, తేదీ మీద ఉన్న ఇండెక్సు ఎందుకూ కొరగాదు. మే 1 నుంచి జూన్ 1 లోపు అని అడిగితే పనికొస్తుంది. పేరులో ఎక్కడున్నా వెతకమని లైక్‌కు ఇచ్చే మాటకు ముందూ వెనకా శాతం గుర్తు పెట్టినా అంతే, స్కాన్ తప్పదు. పేరు మొదలు మాత్రమే ఇచ్చి, చివర శాతం గుర్తు పెట్టినా మామూలు ఇండెక్సు పలకకపోవడం చాలామందిని తికమకపెడుతుంది. లైక్ ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగా చూస్తుంది. మామూలు ఇండెక్సు అలా చూడదు. తెలుగు పేర్లకు ఆ భేదమే లేదు కనుక లైక్ బదులు గ్లాబ్ వాడి, శాతం గుర్తు స్థానంలో నక్షత్రం గుర్తు పెడితే అదే ఇండెక్సు పనిచేస్తుంది. అలాగని ప్రతి నిలువు వరుసకూ ఇండెక్సు తగిలించకూడదు. ఒక్కో ఇన్సర్టుకు వాటన్నిటినీ దిద్దాల్సి వస్తుంది.

లక్షల వరుసలు డిలీట్ చేసినా ఫైలు సైజు తగ్గలేదన్న ఫిర్యాదుకు జవాబు చిన్నదే. ఖాళీ అయిన పేజీలను ఎస్‌క్యూలైట్ తర్వాతి రాతల కోసం అట్టిపెట్టుకుంటుంది. తగ్గాలంటే వాక్యూమ్ చేయాలి. అది ఫైలంతటినీ కొత్తగా రాస్తుంది, డిస్కులో అంతకు రెండింతల దాకా చోటు అడుగుతుంది. దీన్ని రోజువారీ శుభ్రత అనుకుంటే ప్రమాదం. 2016లో స్పాటిఫై కంప్యూటరు యాప్ ఏ పాటా వినకపోయినా డిస్కు మీద గిగాబైట్ల కొద్దీ రాస్తూ పోతోందని గగ్గోలు పుట్టింది. వాడుకరులు తవ్వి చూస్తే, అది తన ఎస్‌క్యూలైట్ ఫైలును మాటిమాటికీ వాక్యూమ్ చేస్తోందని తేలింది. ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు ఎన్నిసార్లు రాశామన్నదాని మీదే ఆధారపడుతుంది.

ఫైలే కదా అని నెట్‌వర్కు ఫోల్డరులో పెట్టి నాలుగు కంప్యూటర్లు పంచుకుంటే మాత్రం వేగం సంగతి అటుంచి, డేటాయే మిగలకపోవచ్చు. నెట్‌వర్కు ఫైల్ సిస్టముల తాళాలను నమ్మడానికి లేదు. వాల్ పద్ధతికైతే అందరూ ఒకే యంత్రం మీద ఉండి తీరాలి. ఆ అవసరానికి పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వరు డేటాబేసే సరైనది. బ్యాకప్ విషయంలోనూ ఇదే జాగ్రత్త: నడుస్తున్న డేటాబేసును మామూలుగా కాపీ కొట్టకుండా బ్యాకప్ ఆదేశమో, వాక్యూమ్ ఇన్‌టూ అనే ఆదేశమో వాడాలి.

తెలుగు యాప్‌లు తయారుచేసేవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కొకటి ఉంది. వ్యాసాల్లో, పాటల్లో మాటలు వెతకడానికి ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5 అనే ఏర్పాటుంది. అది వాక్యాన్ని మాటలుగా విడగొట్టేటప్పుడు, యూనికోడ్ ప్రకారం అక్షరాలు, అంకెలు అనిపించుకున్నవాటినే లెక్కలోకి తీసుకుంటుంది. మన గుణింతపు గుర్తులూ పొల్లూ సున్నా యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో లేవు. దాంతో వాటిని ఖాళీ జాగాలాగే చూసి అక్కడికక్కడే మాటను తెంపేస్తుంది. "తెలుగు" అన్న మాట "త", "ల", "గ" అనే మూడు ముక్కలైపోతుంది. అప్పుడు "తెలుగు" కోసం వెతికితే "తేలిగ్గా", "తొలిగా" అన్న మాటలున్న పేజీలు కూడా వచ్చి కూర్చుంటాయి. వెతుకులాట అందుకే నెమ్మదిస్తుంది కూడా, ఎందుకంటే "త" అన్న ముక్క దాదాపు ప్రతి పేజీలోనూ ఉంటుంది. అక్షర క్రమంలోనూ ఒక మెలిక ఉంది. ఎస్‌క్యూలైట్ సంకేత సంఖ్యల వరుసనే పాటిస్తుంది, యూనికోడ్‌లో "ళ" వచ్చేది "ల" పక్కనే. అందుకే "కళ" ముందు, "కవి" తర్వాత వస్తాయి. మన నిఘంటువుల్లో ఇది తలకిందులు. దీనికి సొంతంగా పోలిక ఫంక్షను రాసుకోవాల్సిందే.

వెతుకులాట సమస్యకు మాత్రం అంత శ్రమ లేదు. ఎఫ్‌టీఎస్5లో వాక్యాన్ని మాటలుగా విడగొట్టే యూనికోడ్61 అనే టోకెనైజరుకు కేటగిరీస్ అనే ఐచ్ఛికం ఉంది. అందులో మామూలుగా ఉండే మూడు వర్గాలకు ఎంఎన్, ఎంసీ అనే రెండు వర్గాలు చేర్చి, వెతుకులాట టేబులును మళ్లీ నిర్మించాలి. తెలుగు పాఠ్యంతో యాప్ చేస్తున్నవాళ్లు విడుదలకు ముందు "తెలుగు" అని ఒకసారి వెతికి చూడండి. "తేలిగ్గా" దొరికితే ఆ రెండు వర్గాలూ చేర్చండి.