ఎర్రమట్టి దిబ్బలకు శాసనం ఎప్పుడు?

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్ళే తీరపు దారి స్వల్పమే. ఎడమవైపు కొండలపై తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు. దారి కొసన భీమిలిలో డచ్చివారి సమాధులు. భీమిలికి చేరేలోపునే ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల పుణ్యమా అని వీటిని చూడని తెలుగువారు అరుదు. వీటి వయస్సు తెలిసినవారు మాత్రం కొద్దిమందే.

గత హిమయుగంలో, సుమారు ఇరవైవేల ఏళ్ళ క్రితం, సముద్రమట్టం నేటికంటె నూరు మీటర్లకు పైగా దిగువన ఉండేది. బయటపడిన అడుగు ఇసుకను గాలులు తెచ్చి ఇక్కడ మేటలు వేశాయి. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కింది. వాననీరు దానిని లోతైన గెడ్డలుగా కోసింది. దక్షిణాసియాలో ఇటువంటివి తమిళనాట, శ్రీలంకలో తప్ప అరుదు.

వీటిని 2014లో జియలాజికల్ సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది. సంతోషమే. కాని ఆ జాబితా మన ప్రభుత్వం పంపుకున్న పట్టికే. దానిని చూచి పొక్లెయిను ఆగదు. 2024 జూలైలో ఈ దిబ్బల చెంతనే యంత్రాలు మట్టి తవ్వగా, గగ్గోలు పుట్టాక గాని పని నిలవలేదు.

1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రధానంగా మనిషి చేతిపనిని కాపాడుతుంది. రక్షిత కట్టడం చుట్టూ నూరు మీటర్ల మేర కొత్త నిర్మాణాన్ని 2010 సవరణ నిషేధించింది. గాలి కట్టిన దిబ్బకు ఆ కవచం లేదు. తీరప్రాంత నిబంధనలున్నవి గదా అనవచ్చు. అవి ఆటుపోటుల రేఖ నుంచి కొలిచే దూరాలు, దిబ్బలు ఆ గీత దాటి లోపలికి విస్తరించాయి. భూవారసత్వ స్థలాల బిల్లు ముసాయిదాను కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో వెలువరించింది. తవ్వకాల వ్యవహారం చూచే శాఖే తవ్వరాదనే బిల్లు రాయడం వేరే ముచ్చట. యునెస్కో పట్టిక వెలువడే నాటికీ అది చట్టం కాలేదు.

స్కాట్లండు తూర్పుతీరాన సికార్ పాయింట్ అనే రాతిగట్టు ఉన్నది. 1788లో జేమ్స్ హటన్ దానిని చూచి భూమి వయస్సు అపారమన్న తన వాదానికి సాక్ష్యం దొరికిందన్నాడు. అటువంటి శిలలకు బ్రిటిష్ పార్లమెంటు 1949లోనే శాసనరక్షణకు దారి వేసింది.

చట్టం చేతిలో ఉంటే ఏమవుతుందో ఈ లేఖ రాస్తున్న సరోజినీ నగర్‌లోనే చూచాము. 2018లో ప్రభుత్వ క్వార్టర్ల పునర్నిర్మాణానికి చెట్లు నరకబోతే జనం వీథికెక్కారు. ఢిల్లీ హైకోర్టు నరికివేతను నిలిపింది. వారికి పట్టుకోవడానికి 1994 నాటి చెట్ల సంరక్షణ చట్టం ఉన్నది. భీమిలివారికి ఏమున్నది? లోక్‌సభలో ప్రశ్నోత్తరాల వేళ ఉన్నది, శుక్రవారాలు ప్రైవేటు సభ్యుల బిల్లులకు సమయం ఉన్నది. ఆ ముసాయిదా ఏ బీరువాలో ఉన్నదని మన ఎం.పి.లలో ఒక్కరైనా గనుల మంత్రిని అడగవచ్చును.