చెకుముకి తుపాకిలో రాతి అమరిక: తోలు, సీసపు పొరల పాత్ర

చెకుముకి తుపాకి పేలకపోతే మందు తడిసిందని భావించడం పరిపాటి. గుర్రం దవడల మధ్య రాయి కదలడమూ అందుకు ప్రధాన కారణమే. నిప్పురవ్వలు రాతి నుండి పుట్టవు. రాతి అంచు ఎదుటి ఉక్కు పలకను గీరినప్పుడు రాలే సన్నని ఉక్కు రజను గాలిలో మండి రంజకపు గిన్నెలో పడుతుంది. రాయి వెనక్కు జరిగినా, పక్కకు తిరిగినా ఆ గీరుడు బలహీనపడుతుంది. యుద్ధభూమిలో సైనికునికి అది ప్రాణాంతకం.

ఈ కదలికకు మూలం రాతి ఆకారమే. తొలినాటి తుపాకి రాళ్లలో చాలావరకు ఒక్కొక్క దెబ్బతో విడిగా కొట్టి తీసిన పెచ్చులు. వాటి అంచు పలుచన, మడమ మందం, ఒక ముఖాన ఉబ్బు. ఫ్రాన్సులోనూ, తరువాత ఇంగ్లండులోని బ్రాండన్ పట్టణంలోనూ పొడవాటి పెచ్చులను తీసి ముక్కలుగా విరిచే పద్ధతి స్థిరపడ్డాక రాళ్లు కొంత సమానమయ్యాయి. అయినా చేతిపని కనుక ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఇనుప దవడలు అటువంటి రాతిని ఒకటి రెండు చోట్ల మాత్రమే తాకుతాయి. మరమేకును అతిగా బిగిస్తే రాయి పగులుతుంది, వదిలితే ఊగుతుంది.

పరిష్కారం నడుమ ఉండే పొరలో ఉంది. తోలు ముక్కను రాతి మడమ చుట్టూ మడిచి దవడల మధ్య ఉంచుతారు. మడత వద్ద రంధ్రం చేస్తే రాయి మరమేకు దాకా వెనక్కు ఆనుతుంది. ఉబ్బు వద్ద తోలు నలుగుతుంది, పల్లం వద్ద నిండుతుంది. పల్లం మరీ లోతైతే మరొక చిన్న తోలు ముక్క అవసరం. తుపాకిలోనూ గిన్నెలోనూ మందు లేదని నిర్ధారించుకొన్నాకే అమరికను పరీక్షించాలి. అంచు ఉక్కు పలకకు సమాంతరంగా ఉండాలి, గుర్రాన్ని చేత్తో పట్టి మెల్లగా దించినప్పుడు గొట్టాన్ని తాకరాదు. తోలు వాడుకలో అణుగుతుంది కనుక కొన్నిసార్లు పేల్చిన తరువాత మరమేకును మళ్లీ బిగించక తప్పదు.

సైనిక తుపాకులలో సీసపు రేకునూ వాడారు. పెద్ద తుపాకి బలమైన స్ప్రింగుకు దాని బరువు భారం కాదు, పిస్తోలు వంటి చిన్నవాటికి తోలే మేలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు స్థలాల తవ్వకాలలో ఇటువంటి సీసపు రేకులు లభించాయి. అయితే తోలు మట్టిలో శిథిలమవుతుంది, సీసం నిలుస్తుంది. కనుక దొరికిన రేకులనుబట్టి ఆ సైనికులు సీసాన్నే ఎక్కువగా వాడారని తేల్చడం తొందరపాటు.