మనోవ్యాధి పాపం కాదు: అబూ జైద్ అల్ బల్ఖీ బోధన

శరీరానికి జబ్బు చేస్తే వైద్యుని వద్దకు వెళ్ళడానికి ఏ ముస్లిం కుటుంబమూ వెనుకాడదు. జ్వరం వచ్చినవానిని ‘నీ ఈమాన్ బలహీనపడింది’ అని ఎవరూ నిందించరు. అదే మనిషి నెలల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, ఏ పనిలోనూ మనసు నిలవక కుమిలిపోతూ ఉంటే మాత్రం ‘నమాజు సరిగా చేయి, అంతా అదే పోతుంది’ అని సలహా ఇస్తారు. నమాజు మేలు చేయదని కాదు. విశ్వాసికి అది గొప్ప ఆసరా. కాని జబ్బును జబ్బుగా గుర్తించక, దానిని పాపాల పద్దులో వ్రాయడం ఇస్లాం నేర్పిన పద్ధతి కాదు. ఈ సంగతిని దాదాపు పదకొండు వందల సంవత్సరాల క్రితమే ఒక ముస్లిం పండితుడు విశదంగా వ్రాసి ఉంచారు.

ఆయన అబూ జైద్ అల్ బల్ఖీ. నేటి ఆఫ్ఘనిస్తాన్ ఉత్తర భాగంలోని బల్ఖ్ సమీపాన క్రీ.శ. 850 ప్రాంతంలో జన్మించారు. యౌవనంలో బాగ్దాద్ వెళ్ళి తత్వవేత్త అల్ కిందీ వద్ద విద్య నేర్చి, తిరిగి స్వస్థలం చేరి, 934లో మరణించారు. భూగోళ శాస్త్రజ్ఞునిగా ఆయన పేరు ఎక్కువమందికి తెలుసు. ఆయన గ్రంథాలలో ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనేది ఒకటి. దేహాలకూ మనసులకూ మేలు చేకూర్చే విషయాలు అని దాని భావం. ఇస్తాంబూల్‌లో భద్రంగా ఉన్న దాని వ్రాతప్రతిని ఫువాద్ సెజ్గిన్ 1984లో ఫ్రాంక్‌ఫర్ట్ నుండి యథాతథంగా ముద్రింపజేశారు. మనసుకు సంబంధించిన భాగాన్ని సూడాన్ మనస్తత్వ శాస్త్రవేత్త మాలిక్ బద్రీ ఆంగ్లంలోకి తెచ్చారు; అది 2013లో వెలువడింది.

దేహానికి వచ్చే జబ్బులు కొందరికి జీవితమంతా రాకపోవచ్చు. మనసుకు వచ్చే బాధలు మాత్రం ఏదో ఒక మోతాదులో ప్రతి మనిషికీ వస్తూనే ఉంటాయంటారు బల్ఖీ. అలాంటప్పుడు వాటిని దాచుకోవలసిన అవసరమేమిటి? ఆయన వాటిని నాలుగుగా విభజించారు: కోపం, భయం, దుఃఖం, మనసును వదలని దురాలోచనలు.

దుఃఖం గురించి ఆయన చెప్పినది ముఖ్యంగా గమనించదగినది. కారణం తెలిసిన దుఃఖం ఒకటి: ఆప్తులు పోవడం, ఆస్తి నష్టపోవడం వంటివి. ఏ కారణమూ కనబడకుండా మనిషిని క్రుంగదీసే దుఃఖం మరొకటి. ఈ రెండవదానికి మూలం దేహంలోనే ఉందనీ, దానికి దేహవైద్యం కూడా చేయాలనీ ఆయన వ్రాశారు. రక్తదోషమన్న ఆనాటి వివరణను నేటి వైద్యం అంగీకరించదు. కాని ‘నీకు ఏం తక్కువైందని ఏడుస్తున్నావు?’ అని కోడలినో కొడుకునో గద్దించే ఇళ్ళు ఈనాటికీ ఎన్నో ఉన్నాయి. బల్ఖీ విభజన తెలిస్తే ఆ ప్రశ్న అర్థరహితమని తేలిపోతుంది.

దుఃఖించడమే విశ్వాస లోపమనుకుంటే, కుమారుని ఎడబాటుతో చూపు కోల్పోయిన హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం)ను గురించి ఏమనాలి? పసిబిడ్డ ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. చింత నుండి, దుఃఖం నుండి అల్లాహ్ శరణు వేడుకున్నారు. ఆప్తులను పోగొట్టుకున్న ఇంటిలో హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా అనే పిండిజావ కాచి పెట్టించేవారు. అది మనసుకు కాస్త ఊరట ఇస్తుందని ప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు.

భయానికి బల్ఖీ చూపిన చికిత్స అలవాటు. ఎన్నడూ పొగమంచు ఎరుగని ఎడారివాడు దానిని దూరం నుండి చూసి, అందులో ఊపిరి ఆడదని బెదురుతాడు. అడుగు పెట్టాక అది వట్టి గాలే అని తెలుసుకుంటాడు. అందువల్ల భయపడే దానికి దూరంగా పారిపోక, కొద్దికొద్దిగా దానికి అలవాటు పడాలన్నారు. నేటి మానసిక వైద్యులు కూడా దాదాపు ఇదే మార్గం అనుసరిస్తారు.

ఇక వస్‌వసా. ఒక్క వుజూకు అరగంట పట్టేవారు, తక్బీర్ చెప్పి మళ్ళీ మళ్ళీ నియ్యత్ సరిచూసుకునేవారు మన మస్జిదులలో కొందరు కనిపిస్తారు. చూసేవారు దీనిని భక్తి అనుకుంటారు, కొందరు నవ్వుతారు. రెండూ పొరపాటే. అది చాలాసార్లు చికిత్సతో అదుపులోకి వచ్చే జబ్బు. ఇలాంటివారు ఒంటరిగా ఉండరాదనీ, మనుషుల మధ్య, ఏదైనా పనిలో ఉండాలనీ బల్ఖీ సూచించారు.

రోజువారీ జాగ్రత్తలో నిద్ర, ఆహారం, స్నానం, వ్యాయామం ఆయనకు చిన్న విషయాలు కావు. గ్రంథం మొదటి భాగమంతా దేహ సంరక్షణే. ఇంటిలో మందులు ముందుగా సమకూర్చుకున్నట్లే, మనసు కుదురుగా ఉన్న రోజులలోనే మంచి ఆలోచనలను కూడబెట్టుకోవాలనీ, కోపమో భయమో ముంచుకొచ్చినప్పుడు వాటిని గుర్తుకు తెచ్చుకోవాలనీ అన్నారు. మనసు తనకు తాను చెప్పుకోలేనప్పుడు మరొకరి హితవు వినాలి. వైద్యుడు చేసే పనిలో ఒక భాగం అదే.

దువా, వైద్యం ఒకదానికొకటి పోటీ కావు. అల్లాహ్ ప్రతి రోగానికీ చికిత్సను కూడా సృష్టించాడన్నది ప్రసిద్ధ హదీసు భావం. అయినా రోగిని ఏళ్ళ తరబడి దర్గాల చుట్టూ త్రిప్పి, తాయెత్తులు కట్టించి, చివరకు గొలుసులతో కట్టివేసినవారున్నారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టి ఉన్న రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది.

మరొక సంగతి. మానసిక వ్యాధికి మందులు వాడేవారు రమజాను రాగానే మాత్రలు తమంతట తామే మానివేయడం ప్రమాదకరం. వ్యాధిగ్రస్తునికి ఉపవాసం విషయంలో దివ్యఖుర్ఆనే వెసులుబాటు ఇచ్చింది. మాత్రల వేళలు సహరీకి, ఇఫ్తారుకు మార్చవచ్చునో లేదో షాబాను నెలలోనే వైద్యుని అడగాలి. దగ్గరలో మానసిక వైద్యుడు లేనివారు ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నెంబరుపై ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.