మోకాలి గుజ్జులో తనిఖీలు

"గుజ్జు అరిగిపోయిందమ్మా" అంటూ డాక్టరు ఎక్స్‌రే చూపిస్తారు. నిజానికి ఎక్స్‌రేలో గుజ్జు కనిపించదు. రెండెముకల మధ్య సందు తగ్గడం చూసి ఆ మాట అంటారు. ఆ గుజ్జు పేరే మృదులాస్థి. అందులో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. పెద్దవాళ్లలో జీవకణాలు ఆక్రమించే చోటు నూటికి రెండు వంతులు, అటూ ఇటూగా. మిగతాదంతా నీరు, ఆ కణాలు తమ చుట్టూ అల్లుకున్న పదార్థం.

*

ఆ అల్లిక ఎన్నాళ్లు మన్నుతుందో అణుబాంబు పరీక్షల పుణ్యమా అని తెలిసింది. 1950లు, 60లలో ఆ పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అమాంతం పెరిగి, పరీక్షలను కట్టడి చేసిన 1963 ఒప్పందం తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఏ ఏట తయారైన కణజాలంలో ఆ ఏటి గుర్తు పడింది. డెన్మార్క్ పరిశోధకులు మోకాలి మృదులాస్థిలో ఆ గుర్తును కొలిచి 2016లో ఫలితం ప్రకటించారు: అందులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఎదిగే వయసులో తయారైనదే, పెద్దయ్యాక కొత్తది చేరడం లేదనే చెప్పాలి. అరవై ఏళ్లాయన పదహారేళ్లనాటి సరుకు మీదే నడుస్తున్నారన్నమాట!

*

కొల్లాజెన్‌లో మూడు పోగులు పెనవేసుకుని ఉంటాయని 1954-55లో తేల్చింది మద్రాసు విశ్వవిద్యాలయంలోని జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. పోగులో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసీన్ కావాలి. అన్నిటిలోకీ చిన్నది అదే కాబట్టి మెలిక లోపల పడుతుంది. వెయ్యికి పైగా ఉండే వరసలో ఒక్క గ్లైసీన్ మారినా మెలిక చెడవచ్చు. హెచ్‌ఎస్‌పీ47 అనే సహాయక ప్రొటీన్ మెలికను పట్టుకుని విడిపోకుండా కాస్తుంది. సి విటమిన్ లేకపోతే ఆ మెలికకు బిగువు రాదు. అన్నట్టు, డబ్బాల్లో అమ్మే కొల్లాజెన్ పొడి పేగుల్లోనే ముక్కలైపోతుంది, మూడు పోగులతో మోకాలికి చేరదు. ప్రకటనల్లో ఈ సంగతి మాత్రం ఉండదు.

*

మెలిక కుదిరిన కొల్లాజెన్ కణం దాటి బయటికి రావాలి. కణంలో సరుకు మోసే సంచుల వెడల్పు 60 నుంచి 90 నానోమీటర్లు. కొల్లాజెన్ పొడవు 300. ఆటోలో నిచ్చెన ఎక్కించడమే! దానికి దారి చేసేది ట్యాంగో1 అనే ప్రొటీన్.

*

తనిఖీలో దొరికిన, వంకరగా ముడుచుకున్న ప్రొటీన్లకు కణం యుబిక్విటిన్ అనే చీటీ అంటించి ముక్కలు చేయిస్తుంది (దీన్ని కనిపెట్టినవారికి 2004లో నోబెల్ వచ్చింది). చెత్త మరీ పేరుకుంటే కణం కొత్త తయారీ తగ్గించి, సహాయక ప్రొటీన్లను పెంచుతుంది. అయినా తేరుకోకపోతే చచ్చిపోతుంది.

*

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది మాంచెస్టర్ ప్రయోగం. ష్మిడ్ రకం పొట్టితనం పిల్లల్లో టైప్-10 కొల్లాజెన్ జన్యువు చెడిపోవడం వల్ల వస్తుంది. మంచి కొల్లాజెన్ కొరవడటమే కారణం అనుకోవడం సహజం. అక్కడి పరిశోధకులు ఎలుకల్లో ఆ కొల్లాజెన్‌ను ముట్టుకోకుండా, వంకరగా ముడుచుకునే థైరోగ్లోబ్యులిన్‌ను మృదులాస్థి కణాల్లో తయారయ్యేలా చేశారు. అది థైరాయిడ్ గ్రంథి ప్రొటీన్, ఎముకల ఎదుగుదలలో దానికి పనే లేదు. అయినా ఎలుకల ఎదుగుదల కుంటుపడింది! 2009లో వెలువడిన ఈ ఫలితంతో, జబ్బుకు లోపల పేరుకున్న చెత్త ఒక్కటే చాలని తేలింది. అలాగైతే చెత్త ఊడ్చే మందు పనిచేయాలి కదా? మూర్ఛకు వాడే కార్బమాజిపిన్ చెడ్డ ప్రొటీన్ల విచ్ఛిన్నాన్ని పెంచుతుంది. 2017లో అది ష్మిడ్ ఎలుకల్లో ఎముకల ఎదుగుదలను మెరుగుపరిచింది. ఆ తర్వాత పిల్లలపై క్లినికల్ ట్రయల్ మొదలైంది.

*

మళ్లీ మోకాలి గుజ్జుకే వస్తే, వయసు పైబడేకొద్దీ మృదులాస్థి కణాల్లో ఆటోఫేజీ, అంటే కణం తన పాత సామాను తానే అరిగించుకునే పని, మందగిస్తుంది. దాన్ని పెంచే ర్యాపమైసిన్ ఈస్టర్ దీవి మట్టిలోని బ్యాక్టీరియా నుంచి వచ్చింది. 2012లో ఎలుకల్లో కీళ్ల అరుగుదల తీవ్రతను తగ్గించింది. రోగనిరోధక శక్తిని అణిచే మందు కాబట్టి, మోకాళ్ల నొప్పులకు దీన్ని అడగబోకండి.