రెండు సింహాలు

మాది భోగాపురం. అప్పన్న, అప్పలనర్సమ్మ, సింహాచలం అనే పేర్లు మా వైపు ఊరూరా వినబడతాయి. సింహాద్రి అప్పన్న మొక్కుబడి అది. కనుక జమైకా రాస్తాఫారీల పాటల్లో సింహం నాకు పరాయిదనిపించలేదు. మన విమర్శకులు కొందరు దాన్ని మతమౌఢ్యమని ఒక్కమాటలో కొట్టిపారేస్తారు. అది ఎవరి నోట పలుకుతోందో చూడకుండా ప్రతీక విలువ కట్టడం నాకు సమ్మతం కాదు.

1930 నవంబరు 2న ఇథియోపియాలో హెయిలీ సెలాసీకి పట్టాభిషేకం జరిగింది. ‘యూదా గోత్రపు సింహం’ ఆ రాజుల బిరుదు, మూలం బైబిలు. నల్లవాడొకడు లోకం ఎదుట కిరీటం పెట్టుకోవడం చూసి, జమైకాలో తోట బానిసల మునిమనవలు ఆ బిరుదును తమది చేసుకున్నారు. తమ జడలను సింహపు జూలన్నారు. ఆ జడలను పోలీసులు బలవంతంగా కత్తిరించారు. దొరతనాన్నీ పోలీసునూ కలిపి వాళ్ళు ‘బాబిలోన్’ అన్నారు. వాళ్ళ న్యాబింగి భజనలో మూడు డోళ్ళుంటాయి. ఫుండే అనేది గుండె కొట్టుకున్నట్టు జంటదెబ్బలతో నడుస్తుంది. ఆ దరువు మీద సింహమంటే, ఆత్మబలమంటే, తల వంచకపోవడమే. బాబ్ మార్లే గొంతులో అది ప్రపంచమంతటా వినబడింది.

చిక్కంతా ఇక్కడుంది. ఆ సింహం సింహాసనం మీదిది. 1973లో వొల్లో ప్రాంతం కరువుతో అల్లాడింది. 1974లో ప్రజాందోళనల నడుమ సైన్యం చక్రవర్తిని దించేసింది. 1975లో ఆయన మరణవార్తను ఒప్పుకోక మార్లే పాటే కట్టాడు. వొల్లో రైతు చెవికి ఆ పాట ఎలా వినబడుతుంది? పీడితుడి ధైర్యమూ భూస్వామ్య ప్రభువు బిరుదూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. దేన్నీ దాచకుండా చదవాలి.

సరిగ్గా ఇదే చిక్కు మన అప్పన్నకూ ఉంది. స్తంభం చీల్చుకొచ్చి రాజును చంపినవాడికి వంశపారంపర్య ధర్మకర్తలు విజయనగరం రాజులు! అయితే మారిషస్ చెరకుతోటలకు కూలికి పోయిన తెలుగువాళ్ళు రాజులను ఇక్కడే వదిలి అప్పన్నను మాత్రం తీసుకెళ్ళారు. అక్కడి తెలుగు కోవెళ్ళలో ఆయన పూజ ఈనాటికీ జరుగుతోంది.

అదే దీవిలో కాయా అనే రాస్తా గాయకుడు సెగా బాణీలో రెగే కలిపి ‘సెగే’ అన్నాడు. 1999 ఫిబ్రవరి 21న పోలీసు నిర్బంధంలో చనిపోయాడు. దీవి భగ్గుమంది. పోలీసు మీద లేచిన ఆగ్రహం కొద్దిరోజుల్లోనే ఆఫ్రికా సంతతికీ భారత సంతతికీ మధ్య కొట్లాటగా మారింది. ఇద్దరి తాతలూ కొట్టింది ఒకే చెరకు. ఈ రెండు సింహాలనూ ఒకచోట నిలబెట్టిన తెలుగు కథ గాని కవిత గాని ఇంతవరకు నా కంటబడలేదు.